రిచ్చీవీధిలో పాత రేడియో

చెన్నపట్టణమున, పూర్వము మౌంటురోడ్డని పిలువబడిన అన్నాశాలైకి చేరువను రిచ్చీవీధి యను వీధి గలదు. రేడియోలు, తీగెలు, విడిభాగములు అమ్ము అంగళ్లతో అది క్రిక్కిరిసి యుండును. కీర్తిశేషులైన మా మామగారి కారులోని రేడియోను విప్పించి తీసికొని మేమచ్చటికి పోయితిమి. ధ్వనిని హెచ్చించు మరను త్రిప్పినంతనే గరగర శబ్దము వచ్చి, పాట యందులో మునిగిపోవుచుండెను. క్రొత్తది కొనుడని పలువురు చెప్పిరి. కాని ఆ రేడియో వినుచు దంపతులిద్దరును తిరుపతియాత్రలు చేసియుండుటచే, మా అత్తగారు దానిని విడుచుట కొప్పుకొనలేదు.

కారులో రేడియో నేటి వింత గాదు. అమెరికాలోని చికాగో నగరమున గాల్విన్ సోదరుల సంస్థ 1930లోనే మోటరోలా యను పేర కారు రేడియోల నమ్మజొచ్చెను.

వృద్ధుడగు మెకానిక్కు మూత విప్పి మాకు చూపెను. ఆ మరలో బొగ్గుపూత గల వంకపట్టీ యొకటి యుండును. దానిపై లోహపు నాలుక జరిగినకొలది ధ్వని హెచ్చుతగ్గు లగును. పట్టీపై దుమ్ము పేరినచో గరగర పుట్టును. ఆయన శుభ్రపరచు ద్రవమును చిమ్మి, కాడను పలుమార్లు అటునిటు త్రిప్పగా పాట నిలుకడగా వినవచ్చెను. పూత అరిగిపోయినచో అన్నే ఓములు గల క్రొత్తమర వేయవలెను. ప్రక్కనున్న కెపాసిటరు విద్యుత్తును కార్చుచున్నను ఇట్టి శబ్దమే కలుగును గాన, దానిని ముందుగా పరీక్షింపవలెను.

సోదరీమణులారా! మీ యింట నిట్టిది మూలబడియున్నచో, పారవేయుటకు ముందు నేర్పరిచే నా చిన్నమరను విప్పించి చూడుడు.