రాయి తగిలింది ఎక్కడ?

పొద్దున్న ఆరు గంటలకి ఫోను మోగింది. అనంతగిరి కొండల్లోని ఓ చిన్న ఊరి నుంచి. "ఆవు రాత్రంతా నొప్పులు పడతంది బాబూ. దూడ కాళ్లు అగపడతన్నాయి గానీ తల రాలేదు" అన్నాడు రైతు.

పశువైద్యుడికి ఆ మాట చాలు. దూడ తల లోపల పక్కకి తిరిగిపోయి ఉంటుంది. చెయ్యి పెట్టి సరిచేసి, నెమ్మదిగా లాగాలి. ఆలస్యమయ్యేకొద్దీ దూడ మీద ఆశ తగ్గిపోతుంది.

శృంగవరపుకోటలో బయల్దేరి, ఘాట్ రోడ్డెక్కి, తారు వదిలి ఆ ఊరి మట్టిదారి పట్టేసరికి ఏడున్నర అయింది. ముందురోజు వానకి దారి కోసుకుపోయి, నడిమధ్యన ఓ రాయి తేలి ఉంది. చక్రాలు రెండు పక్కలా వేసి రాయిని మధ్యలోంచి పోనిద్దామనుకున్నాను. 'ధన్'మని చప్పుడైంది. జీపు ఆగిపోయింది. దిగి వంగి చూస్తే, వెనక ఇరుసు మధ్యలో కుండలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ సరిగ్గా ఆ రాయి మీద కూర్చుని ఉంది. ఫోర్ వీల్ వేశాను. ముందుకీ వెనక్కీ ఊపాను. చక్రాలు తిరిగాయి, బురద ఎగిరింది, బండి మాత్రం అంగుళం కదల్లేదు.

సంచి భుజాన వేసుకుని మూడు కిలోమీటర్లు ఎక్కాను. ఆవు బతికింది. దూడ దక్కలేదు. ఆ రైతు నన్ను ఒక్క మాటా అనలేదు. చేతులు కడుక్కోమని చెంబుతో నీళ్లు పోశాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, బండి ఎత్తు పెంచాలని.

నాది పాత మహీంద్రా ఎంఎం 540. ప్యూజో డీజిల్ ఇంజను, నాలుగు గేర్లు, నాలుగు పక్కలా కమాను కట్టలు. ఏసీ లేదు, పవర్ స్టీరింగు లేదు, వర్షాకాలం లోపలికీ బయటికీ పెద్ద తేడా కూడా లేదు. ఎన్నో చేతులు మారి నా దగ్గరికొచ్చింది. మా ఆవిడ దాన్ని ఇంట్లో నాలుగో మనిషిగా లెక్కేస్తుంది, ఖర్చు విషయంలో.

సలహాలకి కొదవ లేదు. మా మేనల్లుడు 2020లో వచ్చిన కొత్త తరహా థార్ కొన్నాడు. "మావయ్యా, నా బండి కంపెనీ నుంచే నేలకి 226 మిల్లీమీటర్ల ఎత్తు. దానికే నేను స్పేసర్లు వేద్దామనుకుంటున్నా. నువ్వు కనీసం నాలుగంగుళాలు లేపాలి" అన్నాడు. ఫోన్లో వీడియోలు చూపించాడు. ఎక్కడో విదేశాల్లో జీపులు ఏనుగుల్లా బండరాళ్లెక్కుతున్నాయి. నిజం చెప్పొద్దూ, ఈ వయసులో నాకూ మోజు పుట్టింది.

మార్గాలు చాలానే ఉన్నాయి. కమాను కట్టలో అదనంగా ఓ బద్ద వేయించొచ్చు. విల్లు ఎక్కువున్న కొత్త కట్టలు చేయించొచ్చు. కమాను చివర వేలాడే షాకిళ్లు పొడుగువి వేయించొచ్చు. నా బండిలో కమాన్లు ఇరుసు కింద ఉంటాయి. వాటిని ఇరుసు పైకి మార్పిస్తే ఒక్క దెబ్బకి ఐదంగుళాల దాకా లేస్తుంది. అన్నిట్లోకీ చవక షాకిళ్లు. నేను ఏం చేసి ఉంటానో మీరు ఊహించే ఉంటారు.

టౌన్లో ఒక షాపువాళ్లు మధ్యాహ్నానికల్లా పని ముగించారు. కమాను రెండో చివర చాసిస్‌కి బిగించి ఉంటుంది గనక షాకిల్ నాలుగంగుళాలు పెరిగితే బండి లేచేది రెండంగుళాలే. అయినా చూపుకి ఠీవిగా ఉంది. వీధిలో అందరూ చూశారు. మా అమ్మ మాత్రం ఎక్కలేక, "దీనికో నిచ్చెన కూడా కొనరా" అంది.

ఆ ఆదివారమే అమ్మనీ, మా ఆవిడనీ ఎక్కించుకుని అరకు బయల్దేరాను. మైదానంలోనే స్టీరింగు ఏదోలా ఉంది. తిప్పాక దానంతటది వెనక్కి రావడం లేదు. కొత్త కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఘాట్‌లో ఓ మలుపు. ఎదురుగా లారీ. ఎడమకి కోసి, మళ్లీ తిన్నగా తిప్పుతున్నాను. బండి ఇంకా ఎడమకే లాగుతోంది. రెండు చేతులతో బలమంతా పెట్టి గుంజితే ఈసారి అవసరానికి మించి కుడికి వచ్చేసింది. లారీ అతను బ్రేకు కొట్టబట్టి సరిపోయింది. నేను ఆగింది గోడ పక్కన. గోడ అవతల లోయ. అమ్మ ముందు సీట్లో కళ్లు మూసుకుని ఉంది. మా ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ఎంతయింది దీనికి?"

అరకు వెళ్లలేదు. ఇరవై కిలోమీటర్ల వేగంతో ఇంటికొచ్చాం.

విశాఖలో కమాన్ల పనిచేసే ఓ పెద్ద మేస్త్రీ ఉన్నాడని మా డ్రైవరు స్నేహితుడొకాయన చెబితే, మర్నాడు వెళ్లాను. డెబ్భై దాటిన మనిషి. షెడ్డులో లారీ కమాను బద్దల్ని దిమ్మ మీద పెట్టి చల్లగానే సమ్మెటతో కొడుతున్నారు కుర్రాళ్లు. కాల్చి వంచితే తేలిగ్గానే వంగుతుందట గానీ ఉక్కుకున్న పదును పోయి నాలుగు రోజుల్లో మళ్లీ చతికిలబడుతుందట. నా బండి చుట్టూ ఓసారి తిరిగాడు. షాకిళ్లు చూసి నవ్వాడు.

"ఏటి డాక్టరు బాబూ, దీన్ని ఎందుకు లేపించారు?"

రాయి సంగతి చెప్పాను.

"రాయి ఎక్కడ తగిలింది?"

"డిఫరెన్షియల్‌కి."

"మరి మీరు లేపింది దేన్ని?"

నోట మాట రాలేదు. కమాన్ల మీద ఉండేది బాడీ, చాసిస్, ఇంజను. ఇరుసు ఉండేది చక్రాల మధ్య. కమాన్లని రెండంగుళాలు లేపండి, నాలుగు లేపండి, ఐదు లేపండి; ఇరుసు మాత్రం నేలకి ఎంత దూరంలో ఉందో అంత దూరంలోనే ఉంటుంది. ఆ రాయి మళ్లీ ఎదురైతే మళ్లీ అదే చోట కూర్చునేవాణ్ని, కాకపోతే ఇంకాస్త ఎత్తు నుంచి చూస్తూ. ఇరుసుని లేపేది పెద్ద టైరు ఒక్కటే. అదీ టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక్క అంగుళం. కమాన్లు లేపడంలో లాభం లేదని కాదు. చాసిస్ కడుపు గట్లకి తగలదు, పెద్ద టైరు రెక్కలకి రాసుకోకుండా చోటు దొరుకుతుంది. నా బాధకి మాత్రం అది మందు కాదు. రోగం ఒకటి, మందు ఒకటి అని రైతులకి రోజూ చెప్పేవాణ్ని నేను!

స్టీరింగు సంగతీ తేల్చాడు. నా బండిలో ముందు కమాన్లకి షాకిల్ ముందువైపు ఉంటుంది. అది పొడుగైతే కమాను ముందుకి వాలుతుంది, దాంతోపాటు ఇరుసూ తిరిగి కింగ్ పిన్నులు ముందుకి ఒరుగుతాయి. సైకిల్ హ్యాండిల్ కాడ కాస్త వెనక్కి వాలి ఉండటం చూశారుగా. ఆ వాలే చక్రాన్ని తిన్నగా ఉంచడానికి సాయపడుతుంది. నేను డబ్బిచ్చి మరీ ఆ వాలు పోగొట్టుకున్నాను. షాపులో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

"అయితే సరిగ్గా చేసి నాలుగంగుళాలు లేపండి" అన్నాను, మోజు ఇంకా చావక.

ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పడుకోబెట్టాడు. బల్లని ఒక పక్క ఎత్తాడు. పెట్టె జారిందే తప్ప బోర్లా పడలేదు. మళ్లీ నిలబెట్టి ఎత్తాడు. ఇట్టే పడింది. "కొండ వాలు మీద అడ్డంగా పోవాలి కదా మీరు" అన్నాడు. తర్వాత వేళ్లు ముడుస్తూ చెప్పుకొచ్చాడు: అంత లేపితే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి యూజే క్రాసులు త్వరగా పోతాయి, దానికి ఇరుసు కింద చీలలు పెట్టి కోణం సరిచెయ్యాలి. బ్రేకు గొట్టాలు పొడుగువి కావాలి, లేకపోతే చక్రం గోతిలోకి దిగినప్పుడు తెగుతాయి. షాకబ్జర్లు మార్చాలి. డ్రాగ్ లింకు వాలిపోయి, గతుకు వచ్చినప్పుడల్లా స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. "ఒక్కటి ముట్టుకుంటే పది ముట్టుకోవాల. పదీ చేయించేవాడు చేయించుకోవచ్చు. సగం చేయించేవాడికే ప్రమాదం."

చట్టం సంగతి మా మేనల్లుడికి నేనే చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో, నిబంధనలకి విరుద్ధంగా చేసిన ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకూ జైలు అని రాశారు. పదిహేనేళ్లు దాటిన నా బండి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి తనిఖీకి వెళ్లి పునరుద్ధరించుకోవాలి కూడా. స్పేసర్ల ముచ్చట వాడు ప్రస్తుతానికి వాయిదా వేశాడు. వాడి బండికి ముందు చక్రాలు విడివిడిగా ఆడే సస్పెన్షన్. ముందువైపు ఎత్తితే ఇరుసుల కీళ్లు ఎప్పుడూ వంకరగానే తిరగాలి. అది వాడికి మేస్త్రీయే చెప్పాడు, నేను చెబితే వినడని.

ఇంతకీ నా బండికి ఏం చేశాం? ముందు టేపు పెట్టి కొలిచాడు. చక్రం మధ్య నుంచి రెక్క అంచు దాకా. వెనక కుడిపక్క, ఎడమపక్క కంటే ముప్పావు అంగుళం తక్కువ. కమాన్లు ఊడదీసి చూస్తే విల్లు పోయి బల్లపరుపుగా ఉన్నాయి. బద్దల మధ్య తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. "ఇవి కమాన్లు కావు, దూలాలు" అన్నాడు. అసలు రోగం అదీ. బద్ద మీద బద్ద జారితేనే కమాను వంగుతుంది, చక్రం గోతిలోకి దిగి నేలని పట్టుకుంటుంది. జారకపోతే చక్రం గాల్లో ఉంటుంది. గాల్లో ఉన్న చక్రానికే డిఫరెన్షియల్ బలమంతా పంపిస్తుంది. ఆ రోజు నా బండి బురద చిమ్మి ఊరుకోవడానికి రాయి ఒక్కటే కారణం కాదన్నమాట.

అదనపు బద్ద కూడా వద్దన్నాడు. రోజూ అర టన్ను మోసేవాడికి అది. నా మందుల పెట్టెకీ, మా అమ్మకీ వేస్తే బండి గుర్రంలా ఎగురుతుంది, ఆవిడ నడుం పోతుంది. కంపెనీ కొలతలకే కొత్త కట్టలు చేయించాడు. కొత్త బుష్‌లు, కొత్త యూ బోల్టులు, అసలు షాకిళ్లు, నాలుగు షాకబ్జర్లు. బిగించాక కొలిస్తే పాతదానికంటే అంగుళంన్నర ఎత్తు. అంటే ఇన్నాళ్లూ ఆ అంగుళంన్నర నా దగ్గరే ఉండి పోయిందన్నమాట. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించుకొమ్మని రెండుసార్లు చెప్పాడు. వెళ్లేటప్పుడు పిలిచి, "రాయిని నడిమధ్యన పోనివ్వకండి బాబూ. చక్రం దాని మీద పెట్టండి. చక్రం ఎక్కితే ఇరుసూ ఎక్కుతాది" అన్నాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఏడాది దాటాక అదే రైతు ఫోను చేశాడు. అదే ఆవు. మళ్లీ నొప్పులు. అదే దారి, అదే రాయి, ఎవరూ తియ్యలేదు. దిగి చూసుకుని, కుడి చక్రం రాయి మీద పెట్టి, లో గేర్‌లో నెమ్మదిగా ఎక్కించాను. బండి ఒక పక్కకి ఒరిగింది. గుండె ఓసారి ఆగింది. కింద చప్పుడేమీ లేదు. దాటేశాను.

గుమ్మంలోకి వెళ్లేసరికి రైతు నవ్వుతున్నాడు. "మీరొచ్చేలోపే ఈనేసింది బాబూ." ఎర్రటి పెయ్యదూడ, ఇంకా తడి ఆరలేదు, నాలుగు కాళ్లూ వెడల్పుగా వేసి నిలబడే ప్రయత్నంలో ఉంది. నేను చేసిందల్లా బొడ్డుకి మందు రాయడమే. వద్దంటున్నా వినకుండా ఆ ఇల్లాలు పన్నెండు నాటుకోడి గుడ్లు గడ్డిలో చుట్టి వెనక సీట్లో పెట్టింది.

ఇంటికొచ్చాక అమ్మ ఒక్కొక్కటీ తీసి లెక్కపెట్టింది. రెండే పగిలాయి.