మచ్చికైందనుకున్నాం



గోడపత్రికలో ఎప్పుడూ కుక్కపిల్ల గురించో, మేకపిల్ల గురించో రాస్తాం. నేను ఊసరవెల్లి గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఇందులో మా రూము వాళ్లం చేసిన తప్పు ఒకటి ఉంది. అది చెప్పుకోవాలనే రాస్తున్నాను.

ఈ ఏడాది వానలు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో, ఒక సోమవారం పొద్దున్న వంటగది వెనక దారి మీద ఊసరవెల్లి కనపడింది. ఒక అడుగు ముందుకు వేస్తుంది, వెనక్కి ఊగుతుంది, మళ్లీ వేస్తుంది. ఎండుటాకు గాలికి ఊగినట్టే ఉంది. ఇద్దరు పిల్లలు రాళ్లు తీశారు. అది కరిస్తే విషం ఎక్కుతుందని మా ఊళ్లో కూడా అంటారు. నేను వద్దని ఆపి, ఒక పుల్ల అడ్డం పెట్టాను. మెల్లగా ఎక్కేసింది. దాని పాదం చూశారా ఎప్పుడైనా? రెండు వేళ్లు ఒక పక్క, మూడు వేళ్లు ఒక పక్క. పట్టకారులా పట్టుకుంటుంది. ఒక కన్ను నా వైపు, ఇంకో కన్ను రాళ్లు పట్టుకున్న వాళ్ల వైపు తిప్పింది.

దాన్ని అట్టపెట్టెలో పెట్టి మంచం కింద దాచాం. మూతలో నీళ్లు పోశాం, అన్నం మెతుకులు వేశాం. మొదటిరోజు చెయ్యి పెడితే ఒళ్లు ఉబ్బించి, నోరు తెరిచి బుస్సుమంది. మాకు ఒకటే నవ్వు. మంగళవారం కొంచెం తగ్గింది. బుధవారానికి చేతిలోకి తీసుకున్నా ఏమీ అనలేదు. మధ్యాహ్నం పూట కూడా కళ్లు మూసుకుని అరచేతిలో పడుకుంది.

"చూడవే, మనకి మచ్చికైపోయింది!" అని ఒకమ్మాయి గెంతింది. నేనూ సంతోషపడ్డాను. దానికి చిట్టి అని పేరు కూడా పెట్టాం.

గురువారం సైన్సు మేడమ్‌కి చూపించాం. మెచ్చుకుంటారనుకున్నాం. మేడమ్ పెట్టె మూత తీసి చూసి ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇది మచ్చిక కాలేదమ్మా, జబ్బు పడింది" అన్నారు.

అప్పుడు ఒక్కొక్కటీ చూపించారు. రాత్రి కళ్లు మూసుకుని పడుకోవడం మామూలే. పగలు మూసుకుంటే మాత్రం బాగాలేదని గుర్తు. ఉబ్బెత్తుగా ఉండాల్సిన కళ్లు లోపలికి గుంటలు పడ్డాయి. ఒంటి మీద పచ్చదనం పోయి నల్లగా అయింది. పుల్ల మీద పెడితే పట్టు జారిపోతోంది. దాని రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకి తిరిగింది. అంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి.

"మూతలో నీళ్లు పెట్టాం కదా మేడమ్" అన్నాను.

"ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు. ఆకుల మీద మంచు చుక్కలు, వాన చుక్కలు తాగుతుంది. అన్నం కూడా తినదు. కదిలే పురుగుల్నే నాలుక చాపి పట్టుకుంటుంది" అన్నారు.

అంటే మూడు రోజులు దాని ముందు అన్నం, నీళ్లు పెట్టి మరీ ఆకలితో, దాహంతో మాడ్చాం. నాకు ఏడుపొచ్చింది.

"మరి మొదటిరోజు అంత కోపంగా ఉందే, ఇప్పుడెందుకు ఊరుకుంటోంది?" అని అడిగాను. "కోపం చూపించడానికి కూడా బలం కావాలి. అడవిలో నీరసంగా కనపడినదాన్ని డేగ, పాము ముందు పట్టుకుంటాయి. అందుకే అది చివరిదాకా జబ్బు దాచుకుంటుంది. మనకి తెలిసేసరికి బాగా ముదిరిపోతుంది" అన్నారు.

ఇది నాకు తెలియాల్సిన సంగతే. మా తాత చదువుకోలేదు కానీ మేకల మందలో చూపు తిప్పి చెప్పేస్తాడు. "అరిచేదానికి ఏం కాదు. మూల నిలబడి నెమరు వెయ్యనిదాన్ని చూడు" అంటాడు. మేక దగ్గర నేర్చుకున్నది ఊసరవెల్లి దగ్గర మర్చిపోయాను.

మేడమ్ చెప్పినట్టు చిట్టిని గోరింట కొమ్మ మీద నీడలో పెట్టాం. బలవంతంగా నోట్లో ఏమీ పెట్టొద్దన్నారు, మన మాత్రలు అసలు వెయ్యొద్దన్నారు. చేత్తో ఆకుల మీద నీళ్లు చిలకరించాం. చాలాసేపు కదల్లేదు. మళ్లీ మళ్లీ చిలకరించాం. ఒక చుక్క ఆకు మీంచి జారి దాని మూతి మీద పడింది. నోరు కొంచెం కదిపింది. తర్వాత మెల్లగా తాగడం మొదలుపెట్టింది. మేం ఎవరం మాట్లాడలేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఊసరవెల్లిని పట్టి పెంచుకోవడం నేరం అని కూడా మేడమ్ చెప్పారు. మాకు తెలియదు. వార్డెన్ మేడమ్ ఫారెస్టు వాళ్లకి ఫోన్ చేశారు.

ఆ సాయంత్రం స్టడీ అవర్‌లో పుస్తకం తెరిచాను గానీ చదువు ఎక్కలేదు. మా రూములో ఆరో తరగతి పాప ఉంది. జూన్‌లో వచ్చింది. వచ్చిన కొత్తలో రోజూ ఏడ్చేది, గోల చేసేది. ఆ వారం మాత్రం గోల లేదు, ఆట లేదు. బడి అవగానే దుప్పటి కప్పుకుని పడుకునేది. "హాస్టల్‌కి అలవాటు పడిపోయింది, బంగారు పిల్ల" అన్నాం అందరం. నేనూ అన్నాను. రూము లీడర్ని నేనే.

లేచి వెళ్లి నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది.

"ఎందుకు చెప్పలేదే?" అంటే, "చెప్తే ఇంటికి పంపేస్తారక్కా. వెళ్తే మా అయ్య మళ్లీ పంపడు. మేకలు కాయమంటాడు" అంది.

వార్డెన్ మేడమ్ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం పరీక్ష చేసి మలేరియా అన్నారు. జ్వరం తగ్గినా మాత్రలు మొత్తం మింగాలని నర్సమ్మ చెప్పింది. ఇప్పుడు పాప బాగుంది. మళ్లీ గోల చేస్తోంది. ఇప్పుడు ఎవరం తిట్టట్లేదు.

చిట్టి రెండు రోజులకి కళ్లు తిప్పడం మొదలుపెట్టింది. ఒక మిడతని నాలుకతో పట్టింది కూడా. ఫారెస్టు ఆయన వచ్చి చూసి, దారికి దూరంగా పొదల్లో వదలమన్నారు. పొద్దున్నే అందరం వెళ్లి వదిలాం. చెయ్యి దగ్గర పెడితే నోరు తెరిచి బుస్సుమంది. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

మాట మార్చే మనిషిని ఊసరవెల్లి అని తిడతాం కదా. అది మోసం చెయ్యడానికే రంగు మారుస్తుందని నేనూ అనుకునేదాన్ని. ఎండకి, భయానికి, కోపానికి, జబ్బుకి రంగు మారుతుందట. చిట్టి నల్లబడి మాకు నిజమే చెప్పింది. చదవడం మాకు రాలేదు.

మిత్రులారా, రోజూ పడుకునే ముందు పక్క మంచం పిల్లని ఒకసారి చూడండి. అల్లరి పిల్ల ఉన్నట్టుండి బుద్ధిమంతురాలైతే నుదుటి మీద చెయ్యి వెయ్యండి. వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. జ్వరం అని చెప్పిన పిల్లని చదువు మాన్పించి ఇంటికి పంపరని ప్రేయర్‌లో మీ నోటితో ఒకసారి చెప్పండి. అప్పుడు చిన్నపిల్లలు దాచుకోరు.

— ఒక తొమ్మిదో తరగతి విద్యార్థిని