రక్షణ పొందాక కూడా పాపాలు ఒప్పుకోవాలా?

మా ఇంట్లో రాత్రి ప్రార్థన ఎప్పుడూ ఒకే వరసలో సాగేది. ముందు స్తుతి, తర్వాత ఆ రోజు చేసిన తప్పులు ఒప్పుకోవడం, చివర్లో కావలసినవాటి చిట్టా. ఒప్పుకోకుండా నిద్రపోయిన రాత్రే ప్రభువు వచ్చేస్తే నా గతేంటి అని చిన్నప్పుడు తెగ భయపడేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక పరిచయమైన ఇద్దరు ముగ్గురు మిత్రులు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మాట చెప్పారు. "యేసు సిలువ మీద నీ పాపాలన్నిటికీ వెల కట్టేశాడు, రేపు చేయబోయేవాటికి కూడా. ఇంకా రోజూ క్షమించమని అడుగుతున్నావంటే ఆ చెల్లింపు మీద నీకు నమ్మకం లేనట్టేగా?" అని.

వినడానికి ఎంత హాయిగా ఉందో! సింగపూర్ బోధకుడు జోసెఫ్ ప్రిన్స్ 2007లో వచ్చిన 'డెస్టిన్డ్ టు రెయిన్' పుస్తకంలో చేసిన వాదన దాదాపు ఇదే. పాపాలు ఒప్పుకోమని చెప్పే 1 యోహాను 1:9 విశ్వాసుల కోసం రాసింది కాదని, తమలో పాపమే లేదనుకునే జ్ఞానవాదుల నుద్దేశించి రాసిందని ఆయన అంటారు.

నాకైతే ఇది అతకదు. ఆ వచనం చుట్టూ ఉన్న మాటలు చూడండి. యోహాను 'మీరు' అనడు, 'మనం' అంటాడు. తనను కూడా కలుపుకునే మాట్లాడుతున్నాడు. పైగా గ్రీకులో ఆ క్రియ ఒక్కసారి చేసి వదిలేసే పనిలా కాక, చేస్తూ ఉండే పనిలా ఉంది. ప్రభువు నేర్పిన ప్రార్థన సిలువకు ముందుది కాబట్టి మనకు వర్తించదు అనేవాళ్ళూ ఉన్నారు. సరే, అది పక్కన పెడదాం. ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోమని యాకోబు (5:16) రాసింది సిలువ తర్వాతే కదా, అదీ సంఘానికి!

అలాగని నా చిన్నప్పటి భయమూ సరైనది కాదు. ఒప్పుకోవడం మర్చిపోయిన ఒక్క పాపంతో రక్షణ పోతే, ఇక రక్షణ నిలబడేది నా జ్ఞాపకశక్తి మీదన్నమాట. యోహాను సువార్త 13వ అధ్యాయంలో దీనికి చక్కటి జవాబుంది. పేతురు తన కాళ్ళు కడగనివ్వనని మొండికేసి, తీరా ఒప్పుకున్నాక తల, చేతులు కూడా కడగమంటాడు. స్నానం చేసినవాడికి మళ్ళీ స్నానం అక్కర్లేదు, కాళ్ళు కడిగితే చాలు అంటాడు యేసు. మనకిది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బయట తిరిగొస్తే కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మనేది అమ్మ. కడుక్కోకపోతే కొడుకు కాకుండా పోతామని కాదు, ఇల్లంతా మట్టవుతుందని.

ఇంతవరకూ వాదన. ఇందులో నేను గెలిచానని చాలాకాలం అనుకున్నాను కూడా.

2014లో ఒక రాత్రి రిలీజ్‌లో నేను నడిపిన స్క్రిప్ట్ వల్ల కస్టమర్ల రికార్డులు కొన్ని చెడిపోయాయి. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చేసరికి తెల్లారింది. పొద్దున కాల్‌లో "స్క్రిప్ట్ రాసిందెవరు?" అని మేనేజర్ అడిగాడు. నేను మా జూనియర్ పేరు చెప్పాను. అబద్ధం కాదు, రాసింది అతనే. కానీ సరిచేసిన ఫైలు సాయంత్రమే నాకు పంపాడు. నేను చూసుకోకుండా పాతది నడిపాను. ఆ సంగతి నేను చెప్పలేదు. అతను అప్పటికి కాల్‌లో లేడు.

ఆ రాత్రి యథాప్రకారం ప్రార్థన చేసుకున్నాను. "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలను క్షమించు" అన్నాను. ఈ మాట ఎంత సుఖమైనదో గమనించారా? అందులో పాతఫైలు లేదు, ఆ కుర్రాడి పేరు లేదు. హాయిగా నిద్రపట్టింది. ఒప్పుకోనక్కర్లేదనే నా మిత్రులు కూడా అంతే హాయిగా నిద్రపోయుంటారు. వాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

యోహాను వాడిన గ్రీకు మాటకు మూలార్థం 'అదే మాట చెప్పడం' అట. అంటే దేవుడు దాన్ని ఏమంటాడో నేనూ అదే అనాలి. పొరపాటు, బలహీనత అని కాదు, పిరికితనం, అన్యాయం అని పేరు పెట్టి చెప్పాలి. 1215 నుంచీ రోమన్ కేథలిక్ సంఘం ఏడాదికి ఒక్కసారైనా గురువు దగ్గర పాపసంకీర్తనం చేయాలని నియమం పెట్టింది. మధ్యలో ఇంకో మనిషెందుకని మేం ఎగతాళి చేసేవాళ్ళం. ఇప్పటికీ ఆ నియమం నాకు వాక్యానుసారం అనిపించదు గానీ, ఒక మనిషి చెవిలో పడేలా చెప్పాలంటే 'తెలిసీ తెలియక' అని దాటేయడం కుదరదని మాత్రం అర్థమైంది.

అపొస్తలుల కార్యాలు 19వ అధ్యాయంలో ఎఫెసు విశ్వాసులున్నారు. నమ్మిన తర్వాతే వచ్చి తాము చేసినవి బయటికి చెప్పుకున్నారు. మాంత్రిక విద్యల పుస్తకాలు అందరిముందూ కాల్చేశారు. లెక్కేస్తే యాభైవేల వెండి నాణేలు. దానితో రక్షణ కొనుక్కోలేదు వాళ్ళు. అది ముందే దొరికింది. అందుకే అంత సొమ్ము కాల్చుకునే ధైర్యం వచ్చింది.

నాకా ధైర్యం రావడానికి రెండేళ్ళు పట్టింది. ఒక ఆదివారం ప్రభు బల్ల దగ్గరకు వెళ్ళలేక బయటికొచ్చి అతనికి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆ ఏడాది నాకు హైక్ ఆగిపోయింది అన్నా. ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మర్నాడు పాత మేనేజర్‌కి మెయిల్ రాశాను.

రక్షణ పొందాక పాపాలు ఒప్పుకోవాలా అని ఎవరైనా అడిగితే, ఒప్పుకోవాలనే అంటాను. కానీ దేవుడికి చెప్పి ఊరుకుంటే సరిపోతుందా అని మాత్రం నన్ను అడగకండి. ఆ రెండేళ్ళూ నేను చేసింది అదే.