మాఘమాసపు పురిటిల్లు

మాఘమాసము ప్రవేశించినదనగానే మన యిండ్లలో సముద్రస్నానమును గూర్చిన ప్రస్తావన రాకమానదు. మాఘపూర్ణిమనాడు తెల్లవాఱకమునుపే సాగరమున మునుగుట పుణ్యప్రదమని పెద్దలు చెప్పియున్నారు. బారువ మొదలు భీమునిపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము, బాపట్ల చెంత సూర్యలంక వఱకును గల తీరములకు జనులు కుటుంబములతో తరలిపోవుట మన మెఱిగినదే. కెరటములకు పసుపుకుంకుమలు సమర్పించుట, పిల్లలను పొదివిపట్టుకొని మునుగుట, స్నానానంతరము ఇసుకపై కూర్చుండి ఇంటినుండి తెచ్చిన పులిహోర పంచుకొనుట, వీనియందు సంతోషము లేదని యెవ్వరనగలరు? అయితే అదే మాసమున, అదే యిసుకమీదికి, అదే చీకటివేళ మఱియొక తల్లి దూరప్రయాణము చేసి వచ్చుచున్నదను సంగతి మనలో ననేకులకు తెలియదు. ఆమె పురుటికై వచ్చుచున్నది. ఆమెను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకే మే మీ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఆమె సముద్రపు తాబేలు. మన తూర్పుతీరమున గ్రుడ్లు పెట్టుటకు వచ్చునది విశేషముగా ఆలివ్ రిడ్లే అను జాతి. రెండడుగులకు కొంచెము మించిన నిడివి, 35 మొదలు 45 కిలోల వఱకు బరువు, బూడిదవన్నె కలిసిన యాకుపచ్చని డిప్ప, ఇది దాని రూపము. జనవరి మొదలు మార్చి వఱకు, అనగా నించుమించు పుష్య మాఘ ఫాల్గుణములలో, ఇవి మన యొడ్డునకు వచ్చును. ఒడిశాలోని గహిర్మాత, ఋషికుల్య తీరములలో కొన్ని సంవత్సరములందు లక్షలకొలది తాబేళ్లు కొలది రాత్రులలోనే ఒడ్డెక్కును. మన యాంధ్రతీరమునకు మాత్రము ఒక్కొక్కటిగా, చప్పుడు లేక వచ్చును. కావుననే మన మామెను గుర్తింపక, ఎఱుగకయే ఆమె దారికడ్డు నిలుచుచున్నాము.

నీటిలో పక్షివలె తేలిపోవు నా దేహము ఇసుకమీద మిక్కిలి బరువగును. తెడ్లవంటి కాళ్లతో తన్ను తా నీడ్చుకొనుచు, పోటునీరు తాకని మెట్టచోటు చేరి, వెనుకకాళ్లతో మూరెడు లోతు గొయ్యి త్రవ్వును. ఆ గొయ్యి మన కుండవలె మూతి సన్నగా, అడుగు వెడల్పుగా నుండును. అందు నించుమించు నూఱు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దేహము నిటు నటు నూపుచు అడుగుడిప్పతో నేలను చఱచి గట్టిపఱచును. ఇదంతయు నొక గంటసేపటి పని. ఆ సమయమున నామె కన్నులనుండి నీరు కాఱుట చూచినవారు ప్రసవవేదనచే నేడ్చుచున్నదందురు. దేహమున నధికమైన యుప్పును వెలుపలికి పంపు గ్రంథులు కన్నులచెంత నున్నందున నట్లు కాఱునని శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. పని ముగిసిన పిమ్మట నామె సముద్రమునకు మరలిపోవును. ఆ గ్రుడ్లకడకు తిరిగి రాదు. వానిని పొదుగునది యెండవేడిమిచే వెచ్చనైన యిసుకయే. ఆ వేడిమి హెచ్చినచో ఆడుపిల్లలును, తగ్గినచో మగపిల్లలును ఎక్కువగా పుట్టుట మఱియొక వింత.

గీతలో స్థితప్రజ్ఞుని లక్షణములు చెప్పు ఘట్టమున తాబేలు ఉపమానముగా వచ్చుట మీరెఱిగినదే. అవయవములను డిప్పలోనికి ముడుచుకొను తాబేటితో, ఇంద్రియములను మరల్చుకొను జ్ఞానిని పోల్చిరి. ఈ పోలిక చెఱువులలోను నేలమీదను తిరుగు తాబేళ్లకు చక్కగా నతుకును. సముద్రపు తాబేటికి మాత్రము తలను గాని కాళ్లను గాని డిప్పలోనికి ముడుచుకొను శక్తి లేదు. ఈతకు తగినట్లుగా దాని దేహ మమరినది. కుక్క కఱవవచ్చినను, కన్నులలో దీపము కొట్టినను, ఒడ్డుననున్న యా తల్లి దాగజాలదు. ఈ సంగతి తెలిసినది మొదలు ఆ యుపమానము మాకు క్రొత్తగా తోచుచున్నది. ఆమె ముడుచుకొనలేదు గనుక మన చేతిని, మన దీపమును, మన గొంతును మనమే ముడుచుకొనవలయును.

ఒక మాఘపూర్ణిమకు మేము కోనసీమతీరమునకు పోయియుంటిమి. మేము ఒడ్డు చేరునప్పటికే స్త్రీలును పిల్లలును ఒకచోట వలయముగా నిలిచియుండిరి. నడుమ నొక తాబేలు. పదిమంది చేతులలో సెల్‌ఫోన్ల దీపములు వెలుగుచున్నవి. ఒకరు కూర్మావతారమని నమస్కరించి దాని తలపై కుంకుమ చల్లిరి. మఱియొకరు పిల్లవానిని దానిపై కూర్చుండబెట్టి ఫొటో తీయబోయిరి. భక్తికి గాని వేడుకకు గాని కొదువ లేదు. ఆ తాబేలు మాత్రము ఇంకను గొయ్యి త్రవ్వకయే వెనుదిరిగి కెరటములలో కలిసిపోయినది. చేపలగంప ప్రక్కన బెట్టుకొని కూర్చున్న యొక జాలరి వృద్ధురాలు, "నీళ్లాడబోయే దాని మంచం చుట్టూ ఇంతమంది మూగుతారా తల్లీ?" అన్నది. ఎవ్వరును బదులు చెప్పలేదు.

ఆమె మాట నిజము. అట్లు బెదరి మరలిన తాబేలు మఱియొక రాత్రి మఱియొకచోట ఒడ్డెక్కవలసియుండును. అంత బరువు నీడ్చుకొనివచ్చిన శ్రమయంతయు వ్యర్థమగును. ఆ దినములలో తీరమంతయు పురిటిల్లే యని తలచితిమేని, ఎట్లు మెలగవలయునో మనకు వేఱొకరు నేర్పనక్కఱలేదు. పురిటింట దీపము తగ్గింతుము. తీరమునను టార్చిలైట్లు, ఫోన్లు ఆర్పుదము. కన్నులు కొంచెము సేపటికి వెన్నెలకు అలవాటుపడును. పురిటింట గట్టిగా మాటలాడము, అక్కడను అంతే. తాబేలు కానవచ్చినచో ఉన్నచోటనే నిలిచి, దాని కెదురుగా పోక, ముప్పది నలువది యడుగుల దూరమున వెనుకవైపు నుండవలయును. ముట్టరాదు, ఎక్కరాదు, మెఱుపుదీపముతో ఫొటో తీయరాదు. వెంటవచ్చు కుక్కను కట్టివేయవలయును. గ్రుడ్లను త్రవ్వి తినుటలో కుక్కలును నక్కలును మిక్కిలి నేర్పుగలవి.

గ్రుడ్లు కంటబడినచో వానిని కదపరాదు. పెట్టిన కొన్ని గంటలకే లోని పిండము పైపెంకునకు అంటుకొనును. ఆ పిమ్మట గ్రుడ్డు దొర్లినచో పిండము నశించును. అటవీశాఖవారికి తెలుపుటయే మేలు. అనేక తీరములలో వారు గ్రుడ్లను వెంటనే సేకరించి, కంచె కట్టిన చోట తిరిగి యిసుకలో పూడ్చి, పిల్లలు వెలువడినపుడు సముద్రమున విడిచిపెట్టుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్లకు మొదటి షెడ్యూలులో స్థానమిచ్చినది. వానిని పట్టుటయు, గ్రుడ్లు తీయుటయు నేరము.

నలువదియైదు మొదలు అఱువది దినములకు పిల్లలు ఇసుకను తొలచుకొని, తఱచు రాత్రివేళనే, పైకి వచ్చును. ఏ దిక్కు వెలుగుగా నున్న నా దిక్కునకు ప్రాకుట వాని స్వభావము. మనుష్యులు లేని తీరమున సముద్రమువైపే వెలుగు హెచ్చు. నేడు వీధిదీపములు, విడిదియిండ్ల దీపములు, విహారమునకు వచ్చినవారు వేయు మంటలు వానిని నేలవైపునకు లాగుచున్నవి. తెల్లవాఱునప్పటికి అవి యెండకు మాడుటయో, కాకులకు చిక్కుటయో జరుగును. పిల్లలు ఆటకై త్రవ్విన గుంటయు వాని కగాధమే. లేచి వచ్చునపుడు దానిని పూడ్పించుడు. పులిహోర తెచ్చిన ప్లాస్టికు సంచిని మఱల ఇంటికే తెండు. నీటిలో తేలు సంచిని జెల్లీచేప యనుకొని తాబేళ్లు మ్రింగుచున్నవి. పుట్టిన వేయింటిలో నొక్కటియే పెరిగి పెద్దదగునని శాస్త్రజ్ఞుల యంచనా గనుక ఒక్కొక్క పిల్లయు విలువైనదే.

ఈ తాబేళ్లకు ట్రాలరు పడవల వలలవలన గలుగు హాని మనవలన గలుగు దానికంటె నెక్కువ గదా యని కొందఱనవచ్చును. నిజమే. తాబేలు గాలి పీల్చు ప్రాణి. వలలో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చచ్చును. అట్టి కళేబరములు ఈ దినములలో ఒడ్డునకు కొట్టుకొనివచ్చుట మీలో కొందఱు చూచియే యుందురు. వలలలో తాబేళ్లు తప్పించుకొను ద్వారములు పెట్టించుట ప్రభుత్వము చేయవలసిన పని. దీపమార్పుట మన చేతిలోని పని. దాని కొఱకు దీనిని మానుట తగదు.

స్నానములు మానుడని మేము చెప్పుటలేదు. వేడుకలు వలదనుటయు లేదు. తెల్లవాఱిన పిమ్మట పిల్లలను ఇసుకపై నడిపింపుడు. తాబేలు ప్రాకిన జాడ బండిచక్రముల జాడవలె ఎట్లున్నదో చూపుడు. అడుగుచప్పుడు వినగానే కన్నములలోనికి పరుగెత్తు నెఱ్ఱపీతలను దూరమునుండి చూడనిండు. శంఖము నేఱుకొనునపుడు అందు సన్యాసిపీత కాపురమున్నదేమో చూచి, ఉన్నచో నక్కడనే విడువ నేర్పుడు. అటవీశాఖవారు తాబేటిపిల్లలను విడుచు నుదయమున వీలున్నచో తప్పక తీసికొనిపొండు. అరచేతిలో నిముడు నా నల్లని ప్రాణి తనంత తానే యిసుక దాటి మొదటి కెరటము నందుకొనుట చూచిన బాలుడు పిమ్మట తాబేటిపై రాయి వేయడు.

చేప చూపుచేతను, పక్షి స్పర్శచేతను, తాబేలు తలపుచేతను బిడ్డలను పెంచునని మన పూర్వులు చెప్పుదురు. శ్రీకాకుళము చెంత శ్రీకూర్మములో కూర్మనాథుని సేవించి, పిదప సమీపతీరమున మునిగివచ్చు మన స్త్రీలకు ఈ మాట క్రొత్త గాదు. దూరమేగిన తల్లి తలపు ఇసుకలోని గ్రుడ్లకు చేరునో లేదో మన మెఱుగము. వానిమీద నడచు మన తలపు మాత్రము చేరును. ఈ మాఘమున స్నానమునకు బయలుదేరుటకు ముందే ఈ నాలుగు సంగతులు మీ పిల్లలకును, వెంటవచ్చు ఇరుగుపొరుగు అమ్మలకును చెప్పుడని మా ప్రార్థన.