జాను జే లేఖలు

పెద్దల చరిత్రములను మనము రెండు విధములఁ జదువవచ్చును. ఇతరులు వారినిగూర్చి వ్రాసిన గ్రంథములఁ జదువుట యొకటి. వారు తమ చేతితోఁ దాము వ్రాసిన యుత్తరములఁ జదువుట రెండవది. మొదటి విధమునఁ జదివినప్పుడు వారు సభకుఁ బోవు దుస్తులు ధరించి కనఁబడుదురు. రెండవ విధమునఁ జదివినప్పుడు తమ యింటి యరుగుమీఁదఁ గూర్చుండి మాటాడుదురు. మేము పాఠశాలలోఁ జరిత్ర బోధించువారము గావున మొదటి తరగతి గ్రంథములే మాకుఁ జిరపరిచితములు. రెండవ తరగతిలో మా మనస్సును మిక్కిలి యాకర్షించినవి అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రథమ ప్రధాన న్యాయాధిపతి యగు జాను జే గారి లేఖలు. వానినిగూర్చి కొన్ని మాటలు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మనవి చేయఁ దలఁచితిమి.

జాను జే 1745వ సంవత్సరము డిసెంబరు 12వ తేదీని న్యూయార్కు నగరమున జన్మించెను. నేఁడు కొలంబియా విశ్వవిద్యాలయమని పేరొందిన నాఁటి కింగ్సు కాలేజిలోఁ జదివి, 1764లోఁ బట్టము పొంది, న్యాయవాది యయ్యెను. 1774లో సారా లివింగ్‌స్టను అను కన్యను వివాహమాడెను. స్వాతంత్ర్య యుద్ధకాలమున ఖండాంతర కాంగ్రెసునకు అధ్యక్షుఁడుగను, స్పెయిను దేశమునకు రాయబారిగను, ఇంగ్లండుతో సంధి కుదిర్చిన ప్రతినిధులలో నొకఁడుగను, పిదప విదేశవ్యవహారముల కార్యదర్శిగను పని చేసెను. 1789 మొదలు 1795 వఱకు ప్రధాన న్యాయాధిపతి. 1795 మొదలు 1801 వఱకు న్యూయార్కు గవర్నరు. తరువాత బెడ్‌ఫర్డు గ్రామమునఁ దన పొలములో నిరువది యెనిమిది సంవత్సరములు కాలము గడపి, 1829 మే 17వ తేదీని మరణించెను.

ఇన్ని పదవుల నలంకరించిన వాని యుత్తరములు గుట్టలుగాఁ బెరుఁగుట సహజమే. మా పెద్దల కాలమున మా యిండ్లలో వచ్చిన ప్రతి కార్డును, కవరును ఒక యినుప తీఁగకు గ్రుచ్చి గోడకు వ్రేలఁగట్టెడి వాడుక యుండెను. పెండ్లి శుభలేఖయు, చావు కబురును, పన్ను కట్టుమను తాకీదును ఒక్క తీఁగకే వ్రేలుచుండెడివి. జే గారి కుటుంబమువారును దమ రీతిని అట్లే భద్రపఱచిరి. ఆయన కుమారుఁడు విలియము జే 1833లో రెండు సంపుటముల చరిత్రమును లేఖలతోఁ గూర్చి ప్రకటించెను. 1890 మొదలు 1893 వఱకు హెన్రీ జాన్‌స్టను నాలుగు సంపుటములుగా మఱల ముద్రించెను. 2010వ సంవత్సరము నుండి వర్జీనియా విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు శోధించి సవరించిన క్రొత్త సంపుటములను వెలువరించిరి. నేఁడు వానిలోఁ బెక్కింటిని కంప్యూటరు తెరమీఁదఁ గూడఁ జదువవచ్చును.

ఆ తీఁగయందు మొదట మన కంటఁబడునవి కుటుంబలేఖలు. 1779 అక్టోబరు మాసమున జే దంపతులు మూఁడేండ్ల కుమారుని తాతగారి యింట విడిచి స్పెయినునకు ఓడ యెక్కిరి. నడిసముద్రమున ఓడ కంబములు విఱిగిపోగా, వారు మార్టినీకు దీవి చేరి, అచ్చట మఱియొక యోడ యెక్కి, 1780 జనవరిలో స్పెయినులో దిగిరి. ఆ వేసవిలో మాడ్రిడు నగరమునఁ వారికొక యాఁడుబిడ్డ కలిగి, నెల తిరుగకమునుపే చనిపోయెను. సారా తన తల్లికి ఆ దుఃఖవార్తను వ్రాసిన లేఖ చదువునప్పుడు రాయబారి భార్య కనఁబడదు. పరదేశమునఁ బుట్టింటి నోదార్పునకై చేయి చాఁచిన తల్లియే కనఁబడును. ఆ కాలముననే స్పెయిను తపాలా యధికారులు జే గారి యుత్తరములను విప్పి చదువుచుండిరి. ఆ సంగతి యెఱిఁగి యాయన రాచకార్యములను గూఢలిపిలో వ్రాసెడివాఁడు. కష్టసుఖములు తెరచిన యక్షరములతోను, రాజ్యరహస్యములు మూసిన యక్షరములతోను సముద్రము దాఁటినవి.

ఇఁక మేము మాటిమాటికిఁ జదువుకొను లేఖను జెప్పుదుము. 1792లో జే గారు ప్రధాన న్యాయాధిపతిగా నుండఁగనే ఆయన మిత్రులు న్యూయార్కు గవర్నరు పదవికి జార్జి క్లింటను మీఁద నాయనను బోటీకి నిలిపిరి. మూఁడు కౌంటీలనుండి వచ్చిన వోట్లను, పెట్టెలు పంపిన పద్ధతి సరిగా లేదను సాకుతో, లెక్కింపు సంఘమువారు త్రోసివేసిరి. తుదకు 108 వోట్ల యాధిక్యముతోఁ గ్లింటను గెలిచెనని ప్రకటించిరి. నగరము క్రోధముతో నుడికిపోయెను. అప్పుడు జే గారు ఊరూరఁ దిరిగి న్యాయసభలు జరుపు పనిలో దూరమున నుండిరి. ఆ కాలమున సుప్రీముకోర్టు న్యాయాధిపతులు ఏఁటేఁట గుఱ్ఱపుబండ్లపై జిల్లాలు తిరుగవలసి యుండెను. ఓటమి వార్తను సారాయే యుత్తరమున వ్రాసి తెలిపెను. జూను మాసమున నాయన యామెకు వ్రాసిన ప్రత్యుత్తరమున నిందావాక్య మొక్కటియు లేదు. కొన్ని యేండ్లలో మనమందఱము మట్టిలోఁ గలియుదుము. అప్పుడు రాష్ట్రమును బాలించితినా యనుటకంటెఁ దన్నుఁ దాను బాలించుకొంటినా యనునదే తనకు ముఖ్యమగునని యాయన భావము.

ఓడినవాని నోట వేదాంతము వచ్చుట వింత గాదు గదా యని మాలో నొకరు సందేహించిరి. న్యాయమైన సందేహమే. కావున నా మాటను గొలబద్దగాఁ గైకొని, తక్కిన లేఖలను గొలిచి చూచితిమి.

1793లో ఫ్రాన్సునకును, ఇంగ్లండునకును యుద్ధము పొసఁగెను. అమెరికా యే పక్షమునను జేరక యుండవలెనని అధ్యక్షుఁడు వాషింగ్టను నిశ్చయించెను. దానినుండి సంధిపత్రముల యర్థమునుగూర్చియు, రేవులలోని నావలనుగూర్చియుఁ జిక్కు ప్రశ్నలు పుట్టెను. వానికి న్యాయాధిపతుల సలహా కోరుచు జూలై 18వ తేదీని జెఫర్సను లేఖ వ్రాసెను. అడుగువాఁడు వాషింగ్టను; ఆయనయెడల జే గారికిఁ గల గౌరవము అపారము. అయినను ఆగస్టు 8వ తేదీని జే గారును, ఆయన తోడి న్యాయాధిపతులును వినయముతో నిరాకరించిరి. ప్రభుత్వశాఖలు మూఁడును ఒకదాని నొకటి యదుపులో నుంచుటకు వేఱుచేయఁబడినవి; తాము తుది తీర్పు చెప్పవలసినవారు; కావున వ్యాజ్యము రాకమునుపే యభిప్రాయము చెప్పరాదని వారి సమాధానము. ఆ యాచారమే యమెరికాలో నేఁటికిని నిలిచియున్నది. మన దేశమున 1950లో నమలునకు వచ్చిన రాజ్యాంగము 143వ అధికరణమున వేఱొక త్రోవఁ ద్రొక్కినది. రాష్ట్రపతి సుప్రీముకోర్టును అభిప్రాయ మడుగవచ్చును. రెండు త్రోవలకును దగిన కారణములు గలవు. కాని యింకొక సంగతి దాఁచరాదు. ఆ సంవత్సరమే ఏప్రిల్ మాసమున, హామిల్టను కోరఁగా, అదే జే గారు తటస్థప్రకటనమునకుఁ జిత్తుప్రతి యొకటి వ్రాసి స్నేహలేఖతోఁ బంపియుండెను. మిత్రునిగా నిచ్చిన సలహాను న్యాయస్థానము పేర నీయకూడదని నాలుగు మాసములలో నాయన గట్టిగా గీఁత గీచికొనెను. గీఁత యెక్కడ గీయవలెనో యారంభమున నెవ్వరికిని దెలియదు. వ్రాయుచు వ్రాయుచు తెలిసికొందురు.

రెండవ పరీక్ష యింతకంటెఁ గఠినమైనది. 1800 వసంతకాలమున న్యూయార్కు శాసనసభ యెన్నికలలో జే గారి పక్షము, అనఁగా ఫెడరలిస్టు పక్షము, ఓడిపోయెను. అధ్యక్షుని నెన్నుకొను నిర్వాచకులను నియమించు హక్కు ఆ శాసనసభదే. క్రొత్త సభ కూడినచో నిర్వాచకు లందఱును జెఫర్సను పక్షమువారే యగుదురు. అప్పుడు మే 7వ తేదీని హామిల్టను గవర్నరు జే గారికొక లేఖ వ్రాసెను. గడువు తీరని పాత సభను వెంటనే సమావేశపఱచి, నిర్వాచకుల నియామకపు చట్టమును మార్పించుమనియు, ఇట్టి కాలమున మితిమీఱిన ధర్మసంకోచము పనికిరాదనియు దాని సారాంశము. వ్రాసినవాఁడు పరాయివాఁడు గాఁడు. కొత్త రాజ్యాంగమును సమర్థించుచుఁ గలసి వ్యాసములు వ్రాసిన చెలికాఁడు. కోరిన పని జే గారి యధికారములోనిదే. ఆయన యేమి చేసెను? సభను బిలువలేదు. ఆ కాగితము మీఁదనే, ఇది పక్షప్రయోజనమునకై కోరఁబడిన పని, దీనిని జేయుట నాకుఁ దగదు అను నర్థము వచ్చునట్లొక పంక్తి వ్రాసి, కాగితములలోఁ బెట్టివేసెను. న్యూయార్కు నిర్వాచకులు పండ్రెండుగురును జెఫర్సను పక్షమునకే వోటు చేసిరి. జెఫర్సనునకు 73, జే గారి పక్షమువాఁడైన ఆడమ్సునకు 65 వచ్చినవి. ఆ పండ్రెండు వోట్ల విలువ యెంతయో లెక్క తెలిసిన బాలుఁడెవ్వఁడైనను జెప్పఁగలఁడు.

తలిదండ్రులు మన్నింతురుగాక, ఈ లేఖ చదివినప్పుడు మాకు వార్షికపరీక్షల దినములు జ్ఞప్తికి వచ్చుచుండును. ఆ దినములలో మా బల్లలమీఁదికిఁ జిన్న చీటీలు చేరుచుండును. పిల్లవాఁడు మంచివాఁడు, మూఁడు మార్కులే గదా తక్కువ, మీరు తలఁచుకొన్నఁ గాని పనియా యని వానిలో నుండును. వ్రాయువారు శత్రువులు కారు. మా కష్టసుఖములలో నాదుకొన్నవారే. శత్రువుల కోరికను గాదనుట సులభము. ఆప్తుల కోరికను, అందును మన చేతిలోనున్న దానిని, గాదనుటయే కష్టము. చీటీ వెనుక నొక పంక్తి వ్రాసి సొరుగులోఁ బెట్టుట యెంత బరువైన పనియో మేమును గొంత యెఱుఁగుదుము.

ఈ కొలబద్దకుఁ జాలని లేఖలును ఆ కట్టలలోనే యున్నవి. వానిని విడిచి పెట్టి జే గారిని బొగడుట యసత్యమగును. సారాతోఁ గూడ నమెరికానుండి యూరోపునకు అబ్బె యను నల్లజాతి దాసి వచ్చెను. 1783 శరత్కాలమున జే గారు ఇంగ్లండులో నుండఁగా, ఆమె పారిసులోని వారి యిల్లు విడిచి, చాకలిపని చేయు నొక యాంగ్లస్త్రీయొద్దఁ గూలికిఁ గుదిరెను. పోలీసుల సహాయముతో నామెను బట్టించి చెఱసాలలో నుంచిరి. తిరిగి వచ్చుట కామె మొదట నొప్పుకొనలేదు. కొంతకాలము అచ్చటనే యుండనిమ్మని ఫ్రాంక్లిను సలహా యిచ్చెను. జే గారును దాని కంగీకరించిరి. అమెరికా చేరిన పిదప విడుదల చేసెదనని మాట యిచ్చియుండఁగా నేల పోయెనో యని యాయన యాశ్చర్యపడెను. చలిలో నామె జబ్బుపడెను, ఇంటికిఁ దెచ్చిరి, కొలఁదికాలమునకే మరణించెను. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే జే గారు తమ జాతి స్వాతంత్ర్యమును గుర్తించిన సంధిపత్రముమీఁద సంతకము చేసియుండిరి. ఒక జాతి కోరిన దానినే యొక దాసి కోరఁగా, అది యాయనకు వింతగాఁ దోఁచెను. అబ్బె పలుకు ఆ యుత్తరములలో మనకు నేరుగా వినఁబడదు; ఇతరులు ఆమెనుగూర్చి వ్రాసినదే మనకు దక్కినది. తన్నుఁ దాను బాలించుకొనుట గొప్పదే. పరుని స్వేచ్ఛను బాలింపఁ దనకు హక్కు లేదని తెలిసికొనుట యంతకంటె ముందుండవలెను.

జే గారు ఆ పాఠమును మెల్లగా నేర్చుకొనిరి. 1785లో న్యూయార్కున దాస్యవిమోచన సంఘము స్థాపింపఁబడఁగా దానికి మొదటి యధ్యక్షుఁ డాయనయే. ఆ సంవత్సరమే రిచర్డు ప్రైసునకు వ్రాసిన లేఖలో, తమ స్వేచ్ఛకై పోరాడినవారు ఇతరులకు దానిని నిరాకరించుట యన్యాయమని యొప్పుకొనెను. అయినను ఆ తరువాత సయితము తన యింట బానిసల నుంచుకొని, వారి సేవచేఁ దగిన ప్రతిఫలము ముట్టినదని తోఁచినప్పుడే విడుదల చేయుచుండెను. 1799లో గవర్నరుగా నాయన సంతకము చేసిన చట్టము కూడ మెల్లనిదే: ఆ జూలై 4వ తేదీ తరువాత బానిసలకుఁ బుట్టిన బిడ్డలు స్వతంత్రులే కాని, మగవారు 28, ఆఁడువారు 25 ఏండ్లు నిండువఱకుఁ గొలువు చేయవలెను. న్యూయార్కున దాస్యము పూర్తిగా నంతరించినది 1827లో. అబ్బెకు విడుదలయు రాలేదు, ఆ దినమును రాలేదు.

చివరకు 1801 జనవరి 2వ తేదీ లేఖ. ఆడమ్సు ఆయనను మరల ప్రధాన న్యాయాధిపతిగా నియమింపఁగా సెనేటు సభ యామోదించెను. జే గారు వలదనిరి. తన యారోగ్యము చాలదనియు, ఆ న్యాయస్థానమునకుఁ దగిన బలమును, గౌరవమును లేవనియు వ్రాసిరి. ఆ స్థానము జాను మార్షలునకు వచ్చెను. ఆయన 1835 వఱకు, ముప్పదినాలుగేండ్లు, దాని నలంకరించి, జే గారు లేదనిన బలమును, గౌరవమును దానికిఁ దెచ్చెను. జే గారి యంచనా తప్పెను.  మరుసటి సంవత్సరమే సారా కన్నుమూసెను. ఇరువురును గలసి విశ్రాంతిగా గడపఁదలఁచిన బెడ్‌ఫర్డు ఇంటిలో నాయన యామె లేకయే వృద్ధుఁ డయ్యెను. లేఖలు వ్రాయుట మాత్రము మానలేదు.

ప్రియ విద్యార్థులారా, మీ కాలమున వార్తలు నిమిషములో సముద్రములు దాఁటుచున్నవి, నిమిషములోనే చెఱిగిపోవుచున్నవి. త్వరగా వచ్చిన దానికిఁ ద్వరగా బదులు చెప్పవలెనని మనస్సు తొందరపెట్టును. అప్పుడు జే గారి కాగితములను దలఁచుకొనుఁడు. కొన్ని యుత్తరములకుఁ బ్రేమతో వెంటనే వ్రాయవలెను. అట్టివి మీ తల్లుల యుత్తరములు. కొన్నింటికి వినయముతోఁ గాదని వ్రాయవలెను. కొన్నింటిమీఁద నొక పంక్తి వ్రాసి పెట్టెలోఁ బెట్టవలెను. మఱికొన్నింటిని, మన తప్పును మనకే చూపునవి గావున, చింపక దాఁచవలెను. జే గారి వంశమువారు తీఁగనుండి నచ్చని కాగితములను దీసివేసియుండినచో, మన కొక గొప్ప న్యాయాధిపతి పేరు మాత్రము మిగిలియుండును. అబ్బె పేరు మిగిలియుండదు.

మీరును ఉత్తరములు వ్రాయుఁడు, వచ్చినవానిని దాఁచుఁడు.