వెంట్రుకవాసి ఖాళీ

పిల్లలూ! తరగతిలో ప్రశ్న అడిగి, మాష్టారి చేత "నోరుమూసుకుని కూర్చో!" అనిపించుకున్నవారు మీలో ఉన్నారా? అలా అన్న మాష్టర్లలో నేనొకణ్ణి.

ముప్పై ఏళ్ళనాటి మాట. దశాంశ భిన్నాలు చెబుతున్నాను. వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, "0.4 మిల్లీమీటరంటే ఎంతుంటుందండీ? చూపించరూ?" అన్నాడు. సుద్దముక్కతో అంత సన్నగీత గీయటం ఎవరి తరం? పిల్లలంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఆ తరువాత వాడు లెక్కల తరగతిలో నోరు విప్పితే ఒట్టు!

వాడికిప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మోటారు షెడ్డు ఉన్నది. మొన్న వేసవిలో అటు వెళితే, "రండి మాష్టారూ" అని స్టూలు వేశాడు. ఎదుట ఒక పాత విదేశపు కారు. పొద్దున జోరుగా పోయేదట, ఎండెక్కేసరికి ఈసురోమనేదట.

ఆ ఇంజనుకు సూపర్‌చార్జరనే గాలిపంపు ఉన్నది. అది ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ మండి బలం పెరుగుతుంది. కాని పంపును తిప్పటానికీ ఇంజను బలమే ఖర్చు గదా! అందుకని కావలసినప్పుడే తిరిగే ఏర్పాటు చేశారు. ఇది కొత్త ఊహ కాదు సుమా! 1920లనాటి మెర్సిడెస్ కార్లలో యాక్సిలరేటరు అడుగంటా తొక్కితేనే పంపు తిరిగేది.

ఈ కారులో ఆ పని విద్యుదయస్కాంతానిది. బెల్టు కప్పీని సదా తిప్పుతూనే ఉంటుంది. కప్పీకి ఎదురుగా, పంపు ఇరుసుకు ఒక ఇనప పళ్ళెం ఉంటుంది. కరెంటు రాగానే అయస్కాంతం పళ్ళేన్ని కప్పీకి అంటిస్తుంది, పంపు తిరుగుతుంది. కరెంటు పోతే పళ్ళెం వెనక్కి వస్తుంది. కిటుకంతా రెంటి నడుమ ఖాళీలో ఉన్నది. తక్కువైతే ఊరికే రాసుకుని వేడెక్కుతుంది. ఎక్కువైతే అయస్కాంతం లాగలేదు. ఈ పళ్ళెం ఏళ్ళ తరబడి అరిగి, ఖాళీ పెరిగింది. పైగా వేడికి తీగచుట్టలో నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది. అందుకే మధ్యాహ్నపు నీరసం!

మీరూ పరీక్షించవచ్చు. అయస్కాంతానికీ గుండుసూదికీ నడుమ కాగితాలు ఒక్కొక్కటే పెంచండి. ఎన్నో కాగితానికి సూది జారుతుందో చూడండి.

ఇంజను చల్లారాక మావాడు పళ్ళెం విప్పాడు. దాని వెనక పలచని వాషర్లున్నాయి. ఒకటి తీసి, మళ్ళీ బిగించాడు. ఫీలర్ గేజిలోంచి ఒక రేకు ఎంచి, ఖాళీలో చుట్టూ మూడుచోట్ల దూర్చి చూశాడు. అన్నిచోట్లా ఒక్కలాగే పట్టీపట్టకుండా జారింది. తరువాత ఆ రేకు నా చేతిలో పెట్టి, "0.4 అంటే ఇంత మాష్టారూ" అన్నాడు.

వేళ్ళతో నలిపి చూశాను. నోటుపుస్తకం కాగితాలు నాలుగైదు కలిపితే దాదాపు అంతే దళసరి! ఆనాడు వాడి పుస్తకమే తెరిచి చూపితే సరిపోయేది.

"నీకు గుర్తుందిట్రా?" అన్నాను.

"ఏదండీ?" అంటూనే వాడు బ్యాటరీ తీగ తగిలించాడు.

టిక్‌మని పళ్ళెం అతుక్కున్నది.