వోల్టుకొక స్థాయి

బెర్లిన్‌లో కొట్‌బుస్సర్ తోర్ స్టేషన్ దిగగానే కనిపించేవి టర్కీవాళ్ల కూరగాయల కొట్లు, కబాబ్ అంగళ్లు. అక్కడే ఓ పెద్ద అపార్ట్‌మెంట్ల సముదాయంలో మెట్లెక్కి వెళ్తే ష్నైడర్స్‌లాడెన్ అనే దుకాణం ఉంటుంది. సంగీత వాద్యాల దుకాణమే, కానీ అక్కడి సరుకులో చాలా వాటికి మీటలుండవు. గోడల నిండా అల్యూమినియం పలకలు, పలకల నిండా నాబ్‌లు, సన్నటి రంధ్రాలు, ఒక రంధ్రం నుంచి ఇంకో దానికి వేలాడే రంగురంగుల కేబుళ్లు. మాస్టర్స్ చదవడానికి కొత్తగా వచ్చిన ఒక తెలుగు కుర్రాడు వాటిముందు నిలబడి, "అన్నా, తీగల్లేవు, కట్టెల్లేవు, మరి వాయించేది దేన్నీ?" అని అడిగాడు. వాయించేది కరెంటునే.

ఆ పలకల్లో ఒక్కోదాన్ని మాడ్యూల్ అంటారు. ఒక్కో మాడ్యూల్‌కు ఒక్కటే పని. ఒకటి స్వరాన్ని పుట్టిస్తుంది, ఒకటి అందులోని పదునును వడకడుతుంది, ఒకటి శబ్దం ఎంతసేపట్లో లేచి ఎంతసేపట్లో చావాలో చెబుతుంది. వీటన్నిటినీ కలిపితే అయ్యేదే మాడ్యులర్ సింథసైజర్. ఏ వరసలో కలపాలన్నది కొనుక్కున్నవాడి ఇష్టం. ఈ వ్యాసకర్త పగలు ఒక కార్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉంటూ, రాత్రిళ్లు, వారాంతాలు ఇంట్లో ఇలాంటి మాడ్యూళ్లు తయారుచేసి అమ్ముతుంటాడు. పెద్ద యంత్రాలేమీ లేవు. ఒక బల్ల, సోల్డరింగ్ ఐరన్, ఆసిలోస్కోప్, భూతద్దం ఉన్న దీపం. చిన్న చిన్న భాగాలు ముందే అతికించిన బోర్డులు షెన్‌జెన్ నుంచి వస్తాయి. జాక్‌లు, నాబ్‌లు, పలకలు ఇంట్లోనే బిగించుకోవాలి.

ఒక మనిషి ఒక గదిలో కూర్చుని ఈ వ్యాపారం చెయ్యగలుగుతున్నాడంటే, దానికి కారణం మ్యూనిక్ పక్కనున్న గ్రేఫెల్‌ఫింగ్‌లో డీటర్ డోప్‌ఫర్ చేసిన పని. ప్రయోగశాల పరికరాల కోసం అప్పటికే వాడుకలో ఉన్న ర్యాక్ కొలతలను తీసుకుని, 1990ల మధ్యలో ఆయన ఎ-100 అనే మాడ్యూళ్ల వరసను తెచ్చారు. పలక ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పు 5.08 మిల్లీమీటర్ల లెక్కన పెరుగుతుంది. సరఫరా ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. కేబుళ్లకు 3.5 మిల్లీమీటర్ల జాక్. ఈ కొలతలన్నీ ఆయన బాహాటంగా ప్రకటించారు. ఇవాళ యూరోర్యాక్ అని పిలిచేది దీన్నే. ఏ దేశంలో ఎవరు చేసిన మాడ్యూలైనా పక్కవాడి పెట్టెలో పట్టేస్తుంది, పనిచేస్తుంది. ఇది లేకపోతే చిన్న తయారీదారు తన పెట్టె, తన పవర్ సప్లై, తన కేబుళ్లు అన్నీ తనే అమ్ముకోవాల్సి వచ్చేది. అది ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

అసలు ఈ రంగం మొదలే ఇంటి బల్లల మీద. అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ మోగ్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న రోజుల్లో, చేత్తో తాకకుండా వాయించే థెరెమిన్ కిట్లు అమ్మి సంపాదించారు. ఆ తర్వాతే, 1964లో, ట్రూమన్స్‌బర్గ్‌లోని చిన్న వర్క్‌షాపు నుంచి ఆయన సింథసైజర్ బయటికొచ్చింది. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి పోవాలన్న లెక్క ఆయన పెట్టిందే. యూరోర్యాక్ దాన్నే పాటిస్తుంది.

ఆ లెక్క చెప్పినంత సులువుగా చేతికి చిక్కదు. ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే దానిలో పారే కరెంటు రెట్టింపవుతుంది. కరెంటు రెట్టింపైతే కంపనాలు రెట్టింపు, స్వరం ఒక స్థాయి పైన. కాబట్టి బయటినుంచి వచ్చే ఒక వోల్టును ఆ 18 మిల్లీవోల్టులకు కుదించి అందిస్తే చాలు. తిరకాసంతా ఆ 18 వేడితో మారడంలో ఉంది. డిగ్రీకి సుమారు 0.33 శాతం మారుతుంది. మూడు స్థాయుల మీద ఒక్క డిగ్రీ తేడాకే 12 సెంట్లు జారిపోతుంది. ఒక స్వరస్థానానికీ దాని పక్కదానికీ మధ్య దూరం 100 సెంట్లు. అంచేత 12 అంటే, శ్రుతిపెట్టె ముందు కూర్చుని పాట నేర్చుకున్న ఎవరికైనా మొహం చిట్లించాల్సినంత తేడా.

దీనికి విరుగుడు ఒకటుంది. వేడెక్కేకొద్దీ తన రెసిస్టెన్సును అదే పాళ్లలో పెంచుకునే ప్రత్యేకమైన రెసిస్టర్ దొరుకుతుంది. జత ట్రాన్సిస్టర్ల వీపుకు దాన్ని ఆనించి, మధ్యన థర్మల్ పేస్టు రాస్తారు. రెండూ ఒకే వేడిలో ఉంటే ఒకదాని తేడాను ఇంకొకటి సరిదిద్దుతుంది. బిగించాక మాడ్యూల్‌ను అరగంట ఆన్ చేసి వదిలేయాలి. కిటికీ మూయాలి, హీటర్‌కు దూరంగా పెట్టాలి. అప్పుడు సన్నటి స్క్రూడ్రైవర్‌తో ట్రిమ్మర్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ సున్నా వోల్టులు, ఒక వోల్టు, రెండు వోల్టులు, మూడు వోల్టులు ఇచ్చి చూడాలి. మీటరు మీద 110, 220, 440, 880 హెర్ట్జ్ వరసగా నిలబడేదాకా అదే పని. పైన సరిచేస్తే కింద కదులుతుంది, మళ్లీ మొదటికి రావాలి. ప్రతి మాడ్యూల్‌కూ ఇదే తంతు. ఈ పనిని ఎవరికైనా అప్పగించవచ్చు. ఈ వ్యాసకర్త అప్పగించడు. కొన్నవాళ్ల చేతికి వెళ్లేది ఈ శ్రుతే.

డబ్బు సంగతి. దుకాణంలో 150 యూరోలకు అమ్ముడుపోయే మాడ్యూల్‌నే తీసుకుందాం. 19 శాతం పన్ను పోతే మిగిలేది 126. దుకాణం వాటా అందులో 35 శాతం అనుకుంటే తయారీదారుకు దాదాపు 82 వస్తుంది. బోర్డు, పలక, భాగాలు, అట్టపెట్టె కలిపి 40 అయితే మిగతా 42లోనే బిగింపు, శ్రుతి, పరీక్ష, డిజైన్‌కు పోయిన నెలలు, రేపు వచ్చే రిపేర్లు అన్నీ సర్దుకోవాలి. రిపేర్లలో తరచుగా వచ్చేది కరెంటిచ్చే రిబ్బన్ కేబుల్‌ను తిరగేసి పెట్టిన కేసు. ఎర్ర గీత ఉన్న అంచు మైనస్ 12 వైపు ఉండాలి. తిప్పి పెడితే చిప్పులు కాలిపోతాయి. ఒకే వైపు దూరే సాకెట్టు, వెనక రెండు డయోడ్లు పెడితే ఆ బెడద తప్పుతుంది. ఈ కాసిన్ని పైసల ఖర్చుకు వెనకాడే తయారీదారులు ఇంకా ఉండటం బాధాకరం.

జర్మనీలో ఇంటి బల్ల మీద చేసినా చట్టం చట్టమే. వ్యాపారం నమోదు చేయించుకోవాలి. ఎలక్ట్రానిక్ వ్యర్థాల చట్టం కింద మొదటి మాడ్యూల్ అమ్మకముందే నంబరు తీసుకోవాలి. అట్టపెట్టెలకు వేరే రిజిస్టరు. సీఈ గుర్తుకు కావాల్సిన పత్రాలు సిద్ధంగా ఉంచాలి. ఏడాదికి 25,000 యూరోల లోపు అమ్మకాలుంటే అమ్మకపు పన్ను వసూలు చెయ్యనక్కర్లేని వెసులుబాటు ఉంది. ఏళ్ల తరబడి నష్టమే చూపిస్తుంటే మాత్రం పన్ను ఆఫీసు దాన్ని సరదా కింద జమకట్టి, ఆ నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వదు.

వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. ఇక్కడ బ్లూ కార్డు ఉన్నవాళ్లు సొంత వ్యాపారానికి విదేశీయుల కార్యాలయం అనుమతి అడగాలి, కంపెనీకి చెప్పాలి. అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఆ దారి దాదాపు లేనట్టే. సర్క్యూట్లు గీసుకోవచ్చు, ఊరికే నలుగురికీ ఇవ్వచ్చు, అమ్మి సంపాదించడానికి వీల్లేదు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూస్తున్న తెలుగు ఇంజనీర్లలో ఎన్ని మంచి డిజైన్లు సొరుగుల్లో మూలుగుతున్నాయో!

అలాంటివాళ్లకు ఎమిలీ జిలే చూపిన దారి ఆదరువు. పారిస్‌లో ఆమె నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అనే కంపెనీ నుంచి బ్రెయిడ్స్, క్లౌడ్స్, రింగ్స్, ప్లెయిట్స్ అనే మాడ్యూళ్లు వచ్చాయి. వాటి సర్క్యూట్లు, ప్రోగ్రాములు అన్నీ ఆమె అందరికీ ఇచ్చేశారు. 2022లో ఆమె కంపెనీ మూసేసినా ఆ మాడ్యూళ్లు ఆగలేదు. ఇతరులు చిన్నవిగా మలిచి తయారుచేస్తూనే ఉన్నారు. ఈ వ్యాసకర్త డిజిటల్ సర్క్యూట్లు నేర్చుకున్నది ఆమె ఫైళ్లు చదివే. బడిలో గురువు చెప్పినంత శ్రద్ధగా రాసిన ఫైళ్లవి.

మన దేశానికీ మాడ్యులర్ సింథసైజర్ కొత్తది కాదు. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మోగ్ మాడ్యులర్‌తో ఒక స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. వాళ్లు రికార్డు చేసిన టేపులు దశాబ్దాలపాటు అక్కడే పడి ఉన్నాయి. సంగీతకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీశాక, 2023లో రికార్డుగా విడుదలయ్యాయి. మాడ్యులర్ సంగీతమంటే పాశ్చాత్యుల వ్యవహారమని అనుకునేవాళ్లు ఆ రికార్డు తప్పక వినాలి.

ఈ వ్యాసకర్త బల్ల మీద ఇప్పుడున్నది తంబుర మాడ్యూల్. పియానో కొలతలో పంచమం షడ్జమానికి 0.583 వోల్టుల పైన ఉంటుంది. తంబురలో పలికే అసలు పంచమం మూడుకు రెండు పాళ్లలో ఉంటుంది కాబట్టి దానికి 0.585 కావాలి. రెండు మిల్లీవోల్టులైనా లేని ఈ తేడాకోసం ఒక్కో మెట్టుకూ వేరే రెసిస్టర్లు ఏరాల్సి వస్తోంది. పంచమం వర్జ్యమైన రాగాలకు తంబురను మధ్యమానికి శ్రుతి చేసుకుంటారు కనుక దానికో స్విచ్ ఉండాలి. పలక వెడల్పు 40 మిల్లీమీటర్లు దాటకుండా ఆ స్విచ్‌ను ఎక్కడ ఇరికించాలన్నది ఇంకా తేలలేదు. అది తేలితే పాతిక బోర్డులకు ఆర్డరు వెళ్తుంది.